నేను కాపాడబోయిన గొంతు

ముందే ఒప్పేసుకుంటే మీకూ నాకూ సుఖం. నేను పెంచి చెబుతాను. చీమ కుడితే పాము కరిచిందనేంత కాదు గానీ, తేలు దాకా తప్పకుండా తీసుకెళ్తాను. నేను చెప్పే ఏ సంగతినైనా నాలుగుతో భాగిస్తే అసలు సంగతి వస్తుందని మా ఆవిడ అరుణ పెళ్ళైన మొదటి ఏడాదే కనిపెట్టింది. మీరూ ఆ పద్ధతే వాడుకోండి. మా ఏసీ చిల్లర్ యంత్రాల మోతకి కొండలు పగిలాయని నేను రాస్తే, కిటికీ అద్దాలు కొంచెం వణికాయని చదువుకోండి. గొంతు పోయిన మాటకి మాత్రం భాగహారం అక్కర్లేదు. గొంతులో కంతి ఉన్న మాటకీ, అది ఎలాంటి కంతో తెలియక మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తిరిగిన రోజులకీ అక్కర్లేదు.

నేను మస్కట్‌లో ఏసీ ఇంజినీర్ని. ఇళ్ళకీ ఆఫీసులకీ కాదు, ఒపెరాలు ఆడే పెద్ద థియేటర్‌కి. ఒపెరా తెలియనివాళ్ళకి ఒక్క మాట. మన పద్యనాటకం లాంటిదే, అందులో మాటలు కూడా పాటే. తేడా అల్లా మైకు ఉండదు. అరవైమంది వాయించే వాద్యాల మీదుగా, హాలు చివరి వరసదాకా, ఒక్క మనిషి గొంతు ఉత్తి గాలి మీద ప్రయాణం చేసి చేరాలి. ఆ గాలి నాది. అందుకని గాయకులకీ నాకూ పదకొండేళ్ళుగా యుద్ధం. గాలి పొడిగా ఉంది, గొంతు ఎండిపోతోందంటారు. తేమ పెంచితే వయొలిన్ల వాళ్ళు తంతులు సాగిపోతున్నాయంటారు. డాన్సర్లు చలి అంటారు. కోటు మీద కోటు తొడుక్కున్న విలన్లు ఉక్క అంటారు. నేను ఒపెరాలన్నీ ఫిర్యాదు కాగితాల మీదే చూశాను. పాట ఒక్కటీ సరిగ్గా వినలేదు. ప్లాంట్ రూమ్‌లో నా యంత్రాల మోతకి దేవుడొచ్చి పేరు పెట్టి పిలిచినా వినపడదు.

సెప్టెంబరు చివర

సీజన్ మొదలయ్యే ముందు యంత్రాలన్నీ విప్పి బిగిస్తాం. ఆ పదిహేను రోజులూ చిల్లర్ల మధ్య నిలబడి అరవడమే నా డ్యూటీ. నా టెక్నీషియన్ గంగాధర్ జగిత్యాల వైపువాడు. అతను నాలుగడుగుల దూరంలో ఉన్నా సరే, వెయ్యి కిలోమీటర్ల అవతలున్న సలాలా దాకా వినపడేంత గట్టిగా అరవాలి. ఒక మధ్యాహ్నం "వాల్వ్ మూసెయ్" అని అరిచాను. సగం మాట బయటికొచ్చింది. మిగతా సగం లోపలే ఎక్కడో చిరిగిపోయింది.

గంగాధర్ స్పానర్ కింద పెట్టి వచ్చాడు.

"సార్, గదేంది? మీ గొంతుల కోడిపుంజు సొచ్చినట్టుంది."

"ఏం లేదు, దుమ్ము," అన్నాను. అన్నది కోడిపుంజే.

తర్వాత మూడు వారాలు వైద్యం జరిగింది. వైద్యుడు తప్ప అందరూ చేశారు. అరుణ మిరియాల పాలు పట్టింది. పాకిస్తానీ ఎలక్ట్రీషియన్ అతిమధురం వేరు నమలమన్నాడు. గేటు దగ్గర ఉండే ఒమానీ పెద్దాయన, సాంబ్రాణిని రాత్రంతా నానబెట్టిన నీళ్ళు సీసాలో పోసి తెచ్చి, నేను తాగేదాకా గేటు తియ్యలేదు. గంగాధర్ వాళ్ళ రూమ్ నుంచి మిరపకాయల చారు వచ్చింది. "ఒక్క గుక్కకు గొంతు తెరుసుకుంటది సార్," అన్నాడు. గొంతు తెరుచుకోలేదు, మిగతావన్నీ తెరుచుకున్నాయి. మొత్తం మీద ఒక ట్యాంకరు తాగాను.

పైగా నేను తెలివైనవాణ్ణి. గొంతుకి విశ్రాంతి ఇద్దామని అందరితోనూ గుసగుసగా మాట్లాడటం మొదలుపెట్టాను. మీటింగుల్లో నేనేదో కంపెనీ రహస్యం చెబుతున్నాననుకుని మేనేజర్లు ముందుకి వంగి వినేవాళ్ళు. నా పదకొండేళ్ళ సర్వీసులో అంత గౌరవం ఎప్పుడూ దొరకలేదు.

అరుణ ఇక్కడ మనవాళ్ళ స్కూల్లో లెక్కలు చెబుతుంది. ఒకరోజు స్కూలు నుంచి వచ్చి, భుజాన సంచీ దించకుండానే నా ఎదురుగా నిలబడింది.

"మా నాన్నకీ ఇలాగే మొదలైందండీ," అంది.

ఆయన చుట్టలు కాల్చేవారు, నేను ఆ వాసనకే ఆమడ దూరం పారిపోతాను అని చెప్పబోయాను. చెప్పడానికి గొంతుండాలి కదా. ఆమె ఆ సాయంత్రమే క్లినిక్‌కి అపాయింట్‌మెంట్ తీసుకుంది. "నేనూ వస్తాను," అంది. వద్దన్నాను. వెయిటింగ్ రూమ్‌లో ఆమె మొహం చూస్తూ కూర్చునే ధైర్యం నాకు లేదు.

అక్టోబరు మూడోవారం

మస్కట్‌లోనే ఖురం పేటలో ఉన్న ఆ క్లినిక్ చెవి, ముక్కు, గొంతుల క్లినిక్. అలాంటిచోట వెయిటింగ్ రూమ్ ఒక వింత. సగంమందికి పేరు పిలిస్తే వినపడదు. వినపడిన సగంమంది పలకలేరు. నర్సు పేర్లు పిలిచీ పిలిచీ చివరికి ఆవిడ గొంతే రేపో మాపో డాక్టరు దగ్గరికి వచ్చేట్టుంది. నేను కౌంటర్ మీదికి వంగి, నా నంబరు ఎప్పుడొస్తుందని గుసగుసగా అడిగాను.

"అలా మాట్లాడకండి," అని పక్కనుంచి ఇంగ్లీషులో ఎవరో అన్నారు.

చూస్తే, ఒమాన్ ఎండలో మెడకి ఉన్ని శాలువా చుట్టుకున్న తెల్లావిడ. నలభై దాటి ఉంటాయి. ఒళ్ళో ఒక ఫ్లాస్కు. అందులో మా వాటర్ ట్యాంకంత నీళ్ళు పడతాయి.

"గుసగుసకి గొంతు ఇంకా బిగుసుకుంటుంది," అంది. "మాట్లాడితే మామూలుగా, మెల్లగా మాట్లాడండి. లేదంటే నోరు మూసుకోండి."

ఇరవై ఆరేళ్ళ కాపురంలో అరుణ కూడా నాతో ఇంత సూటిగా అనలేదు. నోరు మూసుకుని, క్లినిక్ ఫారం వెనకవైపు "మీరు డాక్టరా?" అని రాసి చూపించాను.

"కాదు. పాడతాను."

పేరు ఇరీనా, ఊరు బల్గేరియాలో ఉందట. వచ్చే శనివారం మా థియేటర్‌లో ఆడబోయే ఒపెరాకే వచ్చింది. నేను ఫారం మీద "అక్కడి ఏసీ ఇంజినీర్ని నేనే" అని రాశాను. ఆమె చదివి, నన్ను కాళ్ళ నుంచి తలదాకా ఒకసారి చూసింది.

"ఇరవై రెండేళ్ళుగా ప్రతి ఊళ్ళోనూ మీ మీద ఫిర్యాదు రాస్తున్నాను," అంది. "మనిషిని చూడటం ఇదే మొదలు."

దాంతో నాకు ఉత్సాహం పుట్టింది. జబ్బు మాట మరిచిపోయి ఫారం నిండా ప్రశ్నలు రాశాను. ఆమె మెల్లగా, ఒక్కో మాటనీ తూచి తీసినట్టు జవాబు చెప్పింది. ఆమెకి జబ్బేమీ లేదట. కొత్త ఊరికి వెళ్తే ముందు గొంతు డాక్టర్ని చూసుకుంటుంది, ఆ తర్వాతే హోటల్ గది. విమానంలో మాట్లాడదు. మోతగా ఉండే హోటల్లో అన్నం తినదు. పెట్టెలో బట్టలకంటే ముందు గదిలో తేమ పెంచే యంత్రం సర్దుకుంటుంది. అంటే నా పని ఆవిడే స్వయంగా సూట్‌కేసులో మోసుకు తిరుగుతోందన్నమాట. వృత్తిపరంగా నాకది కొంచెం అవమానమనిపించింది.

"మీరు హీరోయినా?" అని రాశాను.

"నా గొంతు కొంచెం కింది స్థాయిది. అలాంటివాళ్ళకి మంత్రగత్తెలు, సవతి తల్లులు, దాసీలు ఇస్తారు. ఈసారి హీరోయిన్‌కి విషం కలిపి ఇస్తాను."

"మంచి పనేనా?"

"ఉంటే మంచిదే. రెండేళ్ళ ముందు సంతకం చేయిస్తారు. రెండేళ్ళ తర్వాత నవంబరులో నా గొంతు ఎలా ఉంటుందో నాకేం తెలుసు? అయినా చేస్తాను. పాడిన రోజుకే డబ్బు. వారాల తరబడి రిహార్సల్ చేసి, ఆ మధ్యాహ్నం జలుబు చేస్తే ఉత్త చేతులతో ఇంటికి పోవడమే."

అలా జలుబు చేస్తే నాటకం ఆగిపోదా అని అడిగాను. ఆగదట. ప్రతి పాత్రకీ ఇంకో మనిషి ఉంటుంది. పాత్రంతా నేర్చుకుని, అదే ఊళ్ళో, హోటల్ గదిలో పిలుపు కోసం కూర్చుంటుంది.

"మంచి పిల్ల," అంది ఇరీనా. "రోజూ పొద్దున్నే ఎలా ఉన్నారని నన్ను అడుగుతుంది. దానికి ఏ జవాబు కావాలో పాపం ఆ పిల్లకే తెలియదు. నేనూ ఐదేళ్ళు అలా కూర్చున్నదాన్నే."

ఇంతలో నర్సు నన్ను లోపలికి పిలిచింది.

డాక్టరమ్మ ఒమానీ. హిందీ మనకంటే బాగా మాట్లాడుతుంది. ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం దింపి, నా గొంతు నాకే టీవీలో చూపించింది. యాభై రెండేళ్ళుగా నేను వాగిన వాగుడంతా ఆ రెండు తెల్లటి రిబ్బన్ల చలవేనట. ఒక రిబ్బన్ అంచున ఎర్రగా, పప్పుబద్దంత కంతి. నాకు గుమ్మడికాయంత కనిపించింది.

"మూర్తీజీ, ఘబ్రాయియే మత్, కంగారు పడకండి," అంది. "బుధవారం తీసేద్దాం. తీసి పరీక్షకి పంపుదాం."

"పరీక్ష దేనికి?"

"తీసినవన్నీ పంపుతాం."

పెంచి చెప్పేవాడికి, ఎదుటివాళ్ళు తగ్గించి చెబుతుంటే ఇట్టే తెలిసిపోతుంది. ఇంటికొచ్చి అరుణతో నేనూ తగ్గించే చెప్పాను. చిన్న కంతి, పొద్దున వెళ్తే సాయంత్రానికి ఇంటికొచ్చేస్తాను అన్నాను. ఆమె కూరగాయలు తరుగుతూ తలెత్తలేదు.

"పరీక్షకి పంపుతారాండీ?" అంది.

నేను పరీక్ష మాటే ఎత్తలేదు.

ఆపరేషన్‌కి ముందు సోమవారం

ఆ మధ్యాహ్నం స్టేజీ పైన గాలి వెళ్ళే డక్ట్ ఒకటి కిర్రుమంటోందంటే, నేనూ గంగాధర్ పైకెక్కాం. కింద పియానో పెట్టుకుని రిహార్సల్ జరుగుతోంది. ఇరీనా పాడుతోంది. పాడుతోందని మర్యాదకి అంటున్నాను. అందరూ ఎత్తుకున్నచోట ఆమె గొంతు కిందికి దిగిపోతోంది. పెద్ద స్వరం రాగానే పాడకుండా, పెదాలు కదిపి చేత్తో గాల్లో గీత గీసి ఊరుకుంటోంది. కొన్ని లైన్లు ఉత్తినే గొణిగేసింది.

ఆ రోజుల్లో నాకు అందరి గొంతుల్లోనూ కంతులే కనిపించేవి. ఫోన్లో దగ్గినవాడికి కూడా బుధవారం ఆపరేషన్ ఖాయం చేసేవాణ్ణి. మరి ఈవిడనైతే గొంతు డాక్టరు గుమ్మంలో నా కళ్ళతో చూశాను. జబ్బు లేదంది నిజమే. ఏ జబ్బు మనిషి ఉందంటుంది?

గంగాధర్‌కి గుసగుసగా, అంటే ఇరీనా వద్దన్న పద్ధతిలోనే, సంగతంతా చెప్పాను.

"అయ్యో, మరి పైకి ఎవలకు చెప్పలేదా సార్?"

"చెబితే పని పోతుందని భయం. డబ్బు రాదట."

"గట్లనే ఉంటది. మా రూమ్‌ల ఎనిమిది మందిమి. ఎవనికి జరమొచ్చినా వాడు నోరిప్పడు, కాళ్ళు వణుక్కుంట డ్యూటీ బస్ ఎక్కుతడు. పక్క మంచపోడే ఫోర్‌మన్ దగ్గరికి పోయి చెప్పాలె. వీనికి బాగలేదు సార్, రెండ్రోజులు పండనియ్యిండ్రి అని. జరమొచ్చినోడు చెప్పొద్దు, పక్కోడు ఊకోవద్దు. గది రూమ్ కాయిదా."

గల్ఫ్‌లో పదకొండేళ్ళున్నాక ఆ కాయిదా, ఆ కట్టుబాటు, నాకూ రక్తంలో కలిసిపోయింది. ఇంతమందిలో ఆమెకి పక్క మంచం ఎవరు? నేనే కదా. కిందికి దిగి, స్టేజీ పనులన్నీ చూసుకునే మేనేజర్‌కి, తాటిచెట్టంత పొడుగున్న ఐరిష్ మనిషికి, ఒక కాగితం రాసిచ్చాను. "ఇరీనా గారికి గొంతు బాగాలేదు. గొంతు డాక్టరు దగ్గర నేనే చూశాను. ఆవిడ చెప్పదు. దయచేసి రెండు రోజులు విశ్రాంతి ఇప్పించండి." కింద సంతకం కూడా పెట్టాను. చేసిన పుణ్యానికి సంతకం ఉండొద్దూ?

ఆయన రెండుసార్లు చదివి, థాంక్స్ చెప్పి, ఆ పొడుగాటి కాళ్ళతో నాలుగంగల్లో మాయమయ్యాడు. నేను మళ్ళీ గంగాధర్ దగ్గరికి పైకెక్కాను.

గంట తిరక్కుండానే హోటల్ నుంచి, పిలుపు కోసం కూర్చున్న ఆ రెండో అమ్మాయి వచ్చింది. ఇరీనా వేసుకోవాల్సిన లంగాని ఆ అమ్మాయి నడుముకి పిన్నులు పెట్టి బిగిస్తున్నారు. ఆ పిల్ల మొహంలో భయమూ సంతోషమూ ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నాయి. ఇరీనా తెర పక్కన నిలబడి మేనేజర్ చెప్పేది వింటోంది. ఒక్కసారి ఎవరు చెప్పారని అడిగినట్టుంది. ఆయన కాగితం చూపించాడు. ఆమె చదివి, మడిచి, ఆయనకే తిరిగిచ్చింది.

తర్వాత వాద్యబృందం నడిపే ఆయన దగ్గరికి వెళ్ళి, రెండో అంకం మొదటి నుంచి కావాలని అడిగింది.

పదకొండేళ్ళుగా ఆ భవనంలో గాలి తోలుతున్నాను. ఆ గాలి మీద ఏం ప్రయాణం చేస్తుందో ఆ రోజే విన్నాను. నన్ను నమ్మక్కర్లేదు, నాలుగుతో భాగించండి, ఎనిమిదితో భాగించండి, ఎంత భాగించినా మిగిలేంత ఉంది. కింది స్థాయి గొంతంటే చిన్న గొంతనుకున్నాను. అది నేలలోంచి పుట్టి, మేం పట్టుకుని నిలబడ్డ ఇనుప కమ్మీలోంచి అరచేతుల్లోకి ఎక్కింది. మైకు లేదు. ఒక్క మనిషి, ఒక నోరు. రెండో అంకం అయ్యాక ఆగకుండా మూడోది కూడా పాడింది. పిన్నులు పెట్టించుకున్న అమ్మాయి మెల్లగా లంగా విప్పి కుర్చీ మీద పెట్టేసింది.

"సార్," అన్నాడు గంగాధర్, కమ్మీ వదలకుండానే. "గామెకు బాగలేదని ఎవడు చెప్పిండు?"

క్లినిక్‌లో ఇరీనా చెప్పిన మాట మన్నించి నేను నోరు మూసుకున్నాను.

సాయంత్రం మేనేజర్ నన్ను పిలిచి కూర్చోబెట్టాడు. కోప్పడలేదు, అదే ఇబ్బందైంది. రిహార్సల్లో గొంతు దాచుకుని పాడటాన్ని వాళ్ళు మార్కింగ్ అంటారట. రోజూ నిండు గొంతుతో పాడితే ఆటనాటికి ఏమీ మిగలదు. అందుకని గురుతు మాత్రం పెట్టుకుంటూ పోతారు. మన పెద్ద నటులు రిహార్సల్లో పద్యం సగం చదివి "తర్వాతది మామూలే" అనడం లాంటిదే. అనుభవం ఉన్నవాళ్ళే అలా చేస్తారు. ఆమె దాచుకున్నది నేను పోగొట్టాను. తెల్లారితే వాద్యబృందంతో రిహార్సల్. ఒకే రోజు రెండు అంకాలు నిండు గొంతుతో పాడి, ఆ మర్నాడు మళ్ళీ పాడాలి.

"అంతకంటే పెద్ద సంగతి, మిస్టర్ మూర్తీ," అన్నాడు. "గొంతు డాక్టరు దగ్గర కనిపించిందన్న మాట ఒకసారి పుడితే, ఆమెకంటే ముందే తర్వాతి ఊరు చేరుతుంది."

బుధవారం నుంచి

ఆపరేషన్ గురించి చెప్పడానికేం లేదు. మత్తు మందు ఇచ్చేటప్పుడు పది అంకెలు లెక్కపెట్టమన్నారు. నేను వెయ్యి దాకా లెక్కపెట్టాననుకున్నాను. మూడు దాటలేదట. కళ్ళు తెరిచేసరికి అరుణ నా మంచం అంచున కూర్చుని, నా బొటనవేలు పట్టుకుని ఉంది. నోట్లోంచి ఒక్క చప్పుడు కూడా రాకూడదని డాక్టరమ్మ ఏడు రోజులు గడువు పెట్టింది. మాట, గుసగుస, దగ్గు, నవ్వు ఏవీ వద్దు. కంతి పరీక్షకి వెళ్ళింది. అది ఏమంటుందో తెలియడానికి ఇంకా పన్నెండు రోజులు.

నేను మాట్లాడకపోతే ఇల్లు నిశ్శబ్దమైపోతుందనుకున్నాను. అరుణ మాట్లాడటం మొదలుపెట్టింది. ఇరవై ఆరేళ్ళుగా ఆమెకి సందు దొరకలేదేమో. స్కూల్లో పిల్లల సంగతులు, పక్కింటివాళ్ళ పిల్లి, మా అమ్మ ఎప్పుడో అన్న ఒక మాట, అన్నీ వచ్చాయి. రెండో రోజు, మాటలకి బదులు నేను రాసుకుంటున్న పలక తుడుస్తూ, తుడుస్తూ ఆగింది.

"మా నాన్నకి ఆపరేషనయ్యాక ఇలాగే రాసేవారు. రాసిందల్లా నేనే తుడిచేదాన్ని, మళ్ళీ రాసుకోవడానికి. చివర్న ఏం రాశారో గుర్తులేదండీ. చూశాను. చూసే తుడిచేశాను."

నా దగ్గర మామూలుగా ఇలాంటప్పటికి పది జోకులుంటాయి. గొంతు లేకపోవడం మంచిదైంది. పలక తీసుకుని ఏదైనా రాద్దామనుకుని, రాయకుండా ఆమె చేతికే తిరిగిచ్చాను.

నాలుగో రోజు శనివారం, మొదటి ఆట. డాక్టరమ్మ మాట్లాడొద్దంది గానీ డ్యూటీకి పోవద్దనలేదని ప్లాంట్ రూమ్‌కి పోయాను. నేను తెలుగులో కాగితం రాస్తే గంగాధర్ దాన్ని హిందీలో ఎలక్ట్రీషియన్లకి చదివేవాడు. నేను "ఫ్యాన్ కొంచెం తగ్గించు" అని రాసేవాణ్ణి. అతను, "సార్ చాలా గుస్సాలో ఉన్నారు, ఎవడు పెంచాడు దీన్ని, ఇప్పుడే తగ్గించమంటున్నారు," అని చదివేవాడు. నా పదకొండేళ్ళ సర్వీసులో పనులు అంత చకచకా ఎప్పుడూ కాలేదు.

సాయంత్రం అయిదింటికి ఇరీనా ప్లాంట్ రూమ్‌కి వచ్చింది. మెడకి అదే శాలువా, చేతిలో అదే ఫ్లాస్కు. నేను మూడు రోజులుగా జేబులో పెట్టుకు తిరుగుతున్న కాగితం తీసి ఇచ్చాను. అందులో రూమ్ కాయిదా అంతా రాసి, కింద క్షమించమని రాశాను. ఆమె ఫిల్టర్ల అట్టపెట్టె మీద కూర్చుని చదివింది.

"మీవాళ్ళలో ఒకరికి బాగాలేకపోతే పక్కవాళ్ళు వెళ్ళి చెబుతారా?"

అవునని తలూపాను.

"మా వృత్తిలో పక్క మంచం ఉండదు," అంది. "ఒక్కటే మంచం. అది కూడా హోటల్‌ది."

తర్వాత నవ్వి, ఫ్లాస్కు మూతలో నీళ్ళు పోసి, సంచీలోంచి ఒక స్ట్రా తీసి నీళ్ళలో ముంచి ఊదింది. బుడగలతోపాటు సన్నటి ధ్వని ఒకటి వచ్చింది. "ఎనిమిదో రోజు ఇలా మొదలుపెట్టండి. మాట వద్దు, పాట వద్దు. బుడగలు," అంది. లేచి, నా భుజం మీద ఒక్కసారి చెయ్యి వేసి, హీరోయిన్‌కి విషం కలపడానికి వెళ్ళిపోయింది.

ఎనిమిదో రోజు, ఆ తర్వాత

పొద్దున్నే గ్లాసులో స్ట్రా పెట్టి ఊదాను. బుడగలు వచ్చాయి. కాసేపటికి వాటి వెనక ఏదో మూలిగింది. అది నేనే. ఇరవై నిమిషాలు బుడగలతోనే కూర్చున్నాక మాట ప్రయత్నించాను. మొదటి మాట చరిత్రలో నిలిచిపోయేలా ఉండాలని ఏడు రోజులుగా ఎన్నో వాక్యాలు తయారు చేసుకున్నాను. తీరా నోరు తెరిస్తే "అరుణా" అని వచ్చింది.

"ఆ, వస్తున్నా, పాలు పొంగుతున్నాయి," అంది వంటింట్లోంచి. రెండు క్షణాల తర్వాత గరిటె కింద పడిన చప్పుడు వినిపించింది.

పన్నెండో రోజు ఇద్దరం కలిసే క్లినిక్‌కి వెళ్ళాం. డాక్టరమ్మ కాగితం చదివి, అరిచి అరిచి తెచ్చుకున్న మామూలు కంతే, చెడ్డది కాదు, మళ్ళీ అరిస్తే మళ్ళీ వస్తుంది అంది. అరుణ ఆ కాగితం తీసుకుని తనూ మొదటి నుంచి చదివింది. లెక్కల టీచర్ కదా, మొత్తం సరిచూసుకుంది. బయటికొచ్చి కారులో కూర్చున్నాక ఏడ్చింది. నేను తాళం తిప్పకుండా, ఎంతసేపు ఏడిస్తే అంతసేపు ఉన్నాను.

ఇది చదివేవాళ్ళలో గొంతు బొంగురుపోయి మూడు వారాలు దాటినవాళ్ళుంటే, అందరూ ఇచ్చినవన్నీ తాగుతూ కూర్చోకండి, డాక్టరు దగ్గరికి పోండి. గుసగుసలాడకండి. యంత్రాల పక్కన నిలబడి అరిచే ఉద్యోగమైతే చేతి సైగలు నేర్చుకోండి. నేనూ గంగాధర్ ఇప్పుడు అలాగే మాట్లాడుకుంటున్నాం. అతని సైగల్లో సగం నన్ను తిడుతున్నవని నా అనుమానం.

ఇక నేను కల్పించిన ముక్క చెప్పాలి. ట్యాంకరూ, గుమ్మడికాయా, సలాలా, అవి పెంచినవి, కల్పించినవి కావు. కల్పించింది ఒక్కటే. ఇరీనా ప్లాంట్ రూమ్‌కి రాలేదు.

శనివారం అయిదింటికి ఆమె స్టేజీ వెనక వరండాలో ఎదురుగా నడిచి వస్తోంది. అంతవరకు నిజం. కాగితం నా జేబులో ఉన్నదీ నిజం. ఆమె ఇంకా నన్ను చూడలేదు. నేను పక్కనున్న ఫిల్టర్ల గదిలోకి దూరి తలుపు దగ్గరికి వేసుకున్నాను. అడుగుల చప్పుడు వచ్చి, దాటి, వెళ్ళిపోయేదాకా చీకట్లో నిలబడ్డాను. మాట్లాడకూడని మనిషిని కదా అని నాకు నేను చెప్పుకున్నాను. కాగితం ఇవ్వడానికి గొంతు అక్కర్లేదు. పక్క మంచం మాట ఆమె అనలేదు, నేను రాసుకున్నాను. స్ట్రాతో బుడగలు నేర్పింది క్లినిక్‌లో గొంతు కసరత్తులు నేర్పే త్రిశూర్ అమ్మాయి, గడియారం చూసుకుంటూ, పది నిమిషాల్లో.

ఇరీనా రెండు ఆటలూ తనే పాడింది. బాగా పాడిందని అందరూ అన్నారు. నేను ప్లాంట్ రూమ్‌లోనే ఉన్నాను, నాకు వినపడలేదు. ఆమె విమానం మంగళవారం వెళ్ళింది. నా గడువు తీరింది బుధవారం.

డ్యూటీలో మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టిన రోజు గంగాధర్ ఫిల్టర్ కడుగుతూ, తల తిప్పకుండా అడిగాడు.

"సార్, గామె పోకముందు సారీ చెప్పిండ్రా?"

"చెప్పాను," అన్నాను. గొంతు శుభ్రంగా, ఎక్కడా చిరగకుండా వచ్చింది.